బర్రెల మ్యాట్ మీద ముసలి గుర్రం: పదకొండు నెలల తర్వాత

నేను కొన్నది పాడి పశువుల కొట్టంలో పరిచే రబ్బరు మ్యాట్. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, 18 మిల్లీమీటర్ల మందం. పైన సుత్తితో కొట్టినట్టు గరుకుగా ఉంటుంది, అడుగున నీళ్ళు పోవడానికి గాడులు ఉంటాయి. ఆరు ముక్కలు తీసుకున్నాను. పరిచింది ఆవుకీ బర్రెకీ కాదు, 19 ఏళ్ళ గుర్రానికి. ఈ మ్యాట్ల మీద పాడి రైతులు చెప్పిన మంచీ చెడూ చాలానే చదివాను. గుర్రం ఉన్నవాళ్ళెవరూ తెలుగులో రాసింది నా కంట పడలేదు. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మావాడి పేరు తుఫాన్. ఆ పేరు పెట్టిన రోజుల్లో మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తేవాడు. ఇప్పటి నడక చూసి పెడితే చినుకు అని పెట్టాలి. రేసులయ్యాక ఒక రైడింగ్ స్కూల్లో పిల్లల్ని మోశాడు. నేను 44 ఏళ్ళ వయసులో స్వారీ నేర్చుకుంటానని వెళ్తే నన్నూ మోశాడు. స్కూలు వాళ్ళు అమ్మేస్తున్నారని తెలిసి కొనేశాను. అప్పుడు వాడికి పదేళ్ళు. పీఎఫ్ లోను తీసి గుర్రం కొన్న ఆడమనిషి మా బ్యాంకు మొత్తంలో నేనొక్కదాన్నేనని మావారు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్తుంటారు.

చేవెళ్ళ దాటాక మా చుట్టాల తోట ఉంది, అక్కడే ఉంచుతాం. లాయం అని గొప్పగా అంటాంగానీ అది పాత బర్రెల కొట్టం. మధ్యలో గోడ కట్టి, తలుపు పెట్టి, 12 అడుగులకి 12 అడుగుల గది చేశాం. నేల షాబాద్ బండలు. బర్రెల్ని కడగడానికి వీలుగా ఎప్పుడో వేసినవి. ఏళ్ళ తరబడి నీళ్ళు కొట్టి, చీపురుతో గీకి, అద్దంలా నున్నగా తయారయ్యాయి. ఆ నేల మీద తొమ్మిదేళ్ళు గుర్రాన్ని ఉంచి, దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఈ రివ్యూలో నా తప్పంటూ ఉంటే అదే.

పోయిన ఏడాది సంక్రాంతి చలికి మొదటిసారి తేడా కనిపించింది. పొద్దున్నే బయటికి తీస్తే మొదటి పది పదిహేను అడుగులు వెనక కాళ్ళు కర్రల్లా వేసేవాడు. ఆ తర్వాత సర్దుకునేవాడు. వయసు కదా, నాకు మాత్రం పొద్దున లేవగానే మోకాళ్ళు పట్టెయ్యట్లేదా అనుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి ఇంకా కొన్ని తోడయ్యాయి. గదిలో వెనక్కి తిరగాలంటే ఇరుకు సందులో లారీ తిప్పినట్టు ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు కదిలేవాడు. గిట్టలకి లాడాలు, అంటే నాల్‌లు, కొట్టే నాల్‌బంద్ వచ్చి కుడి వెనక కాలు ఎత్తితే లాగేసుకునేవాడు. తోట చివర కాలువ దగ్గర చిన్న దిగుడు ఉంటుంది, అక్కడ దిగేటప్పుడు నడుము ఒక పక్కకి ఊగేది. జీను మీద కూర్చున్న నాకు కింద పలక కదిలినట్టు అనిపించేది. ఒకరోజు ఉత్తినే నిలబడి ఉన్నవాడు ముందు కాళ్ళు మడత పడి, కూలబోయి, ఉలిక్కిపడి నిలదొక్కుకున్నాడు. అది చూశాక నాకు టెన్షన్ మొదలైంది.

టెన్షన్ వస్తే మనం ఏం చేస్తాం, ఫోను తీస్తాం. కీళ్ళకి మంచిదని ఒక పౌడరు కనిపించింది. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్, ఇంకా ఏవో మూలికలు. డబ్బా మీద తెల్ల గుర్రం గాల్లో ఎగురుతూ ఉంటుంది. నెలకో డబ్బా, డబ్బా 3,800 రూపాయలు. ఆరు డబ్బాలు వాడాను, మొత్తం 22,800. తవుడులో కలిపి పెడితే తుఫాన్ ఇష్టంగా తినేవాడు. దాని వల్ల నాకు కనిపించిన ఫలితం అదొక్కటే. తర్వాత డాక్టరు గారిని అడిగితే, గ్లూకోసమైన్ నోటి ద్వారా ఇస్తే గుర్రం రక్తంలోకి చేరేది చాలా కొద్ది అన్నారు. నెదర్లాండ్స్‌లో ముసలి గుర్రాలకి మూడు నెలలు ఇలాంటిదే పెట్టి నడక కొలిచి చూశారట, పెట్టని వాటికంటే మెరుగేమీ కనపడలేదట. పౌడరుకి విడిగా రివ్యూ రాయను. ఈ పేరానే దానికి ఎక్కువ.

ఇక ఆగస్టు. తెల్లవారుజామున నాలుగున్నరకి చాచా ఫోను. చాచా అంటే మా సైస్. మలక్‌పేట లాయాల్లో 30 ఏళ్ళు గుర్రాలని చూసినవాడు, 60 దాటాయి. మామూలుగా ఫోను చెయ్యడు, చేస్తే మిస్డ్ కాల్ ఇస్తాడు. ఆ రోజు పూర్తిగా మోగింది. "అమ్మా, గిర్ గయా. లేవట్లేదు."

నేను కారేసుకుని వెళ్ళేసరికి గంట పైనే పట్టింది. అప్పటికి పక్క తోటలోంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, గోనెసంచులు తెచ్చి వెనక కాళ్ళ కింద తోసి, ఎలాగో లేపారు. తుఫాన్ ఒళ్ళంతా చెమట. తుంటి మీద, వెనక కాళ్ళ పక్కన చర్మం లేచిపోయింది. నేల మీద నాలుగు నాల్‌ల గీతలు, సుద్దముక్కతో పిచ్చిగీతలు గీసినట్టు. లేవబోవడం, వెనక కాళ్ళు జారిపోవడం, మళ్ళీ పడటం. ఎన్నిసార్లు ప్రయత్నించాడో ఆ బండలే చెప్తున్నాయి.

చాచా నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అన్నాడు: "కమర్ పోయింది అమ్మా. ఇది కుమ్రీ."

ఉర్దూలో కమర్ అంటే నడుము. మన దేశంలో గుర్రాల వాళ్ళు తరతరాలుగా భయపడే మాట కుమ్రీ. నేను ఆ మాట వినడం అదే మొదలు. సాయంత్రం వచ్చిన డాక్టరు గారు మాత్రం విని నవ్వలేదు. అందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. చాచా చెప్పింది ఉత్త మాట కాదని నాకు వివరంగా చెప్పారు. సెటేరియా అని ఒక సన్నటి పురుగు ఉంటుంది. దాని సొంతిల్లు ఆవు, బర్రె పొట్ట. అక్కడ ఉన్నంతసేపూ ఆ పశువుకి పెద్ద నష్టమేమీ లేదు. దోమ దాని పిల్లల్ని మోసుకొచ్చి గుర్రానికి ఎక్కిస్తే, సొంతిల్లు దొరకని పురుగు తిరిగి తిరిగి వెన్నుపాములో దూరుతుంది. వెనక భాగం తూలడం, చచ్చుబడటం అందువల్లే. మా కొట్టానికి 40 అడుగుల అవతల పక్కవాళ్ళ బర్రెలు కట్టేసి ఉంటాయి. ఆగస్టు దోమల సంగతి చెప్పక్కర్లేదు. చాచా భయానికి కారణం ఉంది.

ఇంకో అనుమానం సర్రా. జోరీగలు మోసుకొచ్చే రక్తపు పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, రక్తం పడిపోతుంది, కాళ్ళకీ పొట్ట కిందా నీరు దిగుతుంది, నడక తూలుతుంది. దానికి రక్తం తీశారు. చిగుళ్ళు చూశారు, గులాబీ రంగులో బాగున్నాయి. జ్వరం లేదు. రక్త పరీక్షలో కూడా ఏమీ రాలేదు.

ఆ తర్వాత జరిగిన పరీక్ష చూడటానికి టికెట్ పెట్టినా తప్పులేదు. వాడు నడుస్తుండగా తోక పట్టుకుని పక్కకి లాగారు. నరాలు బాగున్న గుర్రం ఎదురు లాగుతుంది, తుఫాన్ లాగాడు. తర్వాత చాలా చిన్న గుండ్రంలో తిప్పారు, వెనక్కి నడిపించారు, తల పైకెత్తి పట్టి ఆ కాలువ దిగుడు మీద ఎక్కించి దించారు. నరాల జబ్బు ఉంటే ఇక్కడ కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో వాడికే తెలియదట. బయటి కాలు వెడల్పుగా విసిరేస్తాడు, తన కాలు తానే తొక్కుకుంటాడు. తుఫాన్ కష్టంగానే చేశాడు, కానీ కాళ్ళు ఎక్కడున్నాయో తెలిసినట్టే చేశాడు. అప్పుడు డాక్టరు గారు అన్న మాట నేను ఫోన్లో రాసి పెట్టుకున్నాను. "నొప్పి ఉన్న కాలు ప్రతి అడుగూ ఒకేలా తప్పు వేస్తుంది. నరం చెడిన కాలు ప్రతి అడుక్కీ కొత్త తప్పు వేస్తుంది." ఇంట్లో ముసలి గుర్రం ఉన్నవాళ్ళు వీడియో తీసి ఈ మాట దగ్గర పెట్టుకుని చూడండి. డాక్టరుకి బదులు కాదు, ఎంత తొందరగా పిలవాలో తెలియడానికి. తూలుతున్న గుర్రం మీద ఎక్కకూడదన్నది మాత్రం ఎవర్నీ అడగక్కర్లేని విషయం.

తర్వాత కుడి వెనక కాలు ఎత్తి, మడిచి, నిమిషం పైగా పట్టుకుని వదిలి వెంటనే దుల్కీ తీయించారు. దుల్కీ అంటే ట్రాట్, చాచా మాటలో. పది పన్నెండు అడుగులు బాగా కుంటాడు. ఎడమ కాలికి అంత లేదు. మర్నాడు ఎక్స్‌రే. గుర్రాల వాళ్ళు హాక్ అనే కీలు, మన చీలమండకి సరిసమానం. అందులో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కొన్ని కీళ్ళుంటాయి. అడుగున ఉండే రెండూ మామూలుగానే పెద్దగా కదలవు. వీడికి వాటి మధ్య సందు పూడుకుపోతోంది, అంచున ఎముక ముల్లులా పెరిగింది. కీలు అరిగిపోవడం అనే మామూలు ముసలితనపు జబ్బు. ఆ రెండు కీళ్ళూ పూర్తిగా అతుక్కుపోతే నొప్పి తగ్గిపోయే గుర్రాలు కూడా ఉంటాయని చెప్పారు. వినడానికి వింతగా ఉంది, కానీ కదలని కీలు నొప్పెట్టదు కదా.

అదంతా మా నాల్‌బంద్‌కి ఆరునెలల ముందే తెలిసి ఉండాలి. పాత నాల్‌లు కొట్టం మూల డబ్బాలో పడేసి ఉంటే డాక్టరు గారు తీయించి చూశారు. కుడి వెనక నాల్ ప్రతిసారీ ముందు కొన దగ్గరే కత్తిలా అరిగిపోయి ఉంది. కాలు పూర్తిగా ఎత్తకుండా ఈడుస్తున్నాడన్నమాట. ఆరు వారాలకోసారి ఆ సాక్ష్యం మా చేతికొస్తోంది, మేం డబ్బాలో వేస్తున్నాం.

ఇంతవరకూ కాళ్ళు పట్టెయ్యడం గురించే. మరి ఆ కూలబోవడం? డాక్టరు గారు చాచాని అడిగారు: "వీడు పడుకుని ఎన్నాళ్ళయింది?"

చాచా ఆలోచించాడు. తుఫాన్ సబ్జా గుర్రం. వయసులో బూడిద రంగులో ఉండి, ఇప్పుడు పూర్తిగా తెల్లబడ్డాడు. తెల్ల గుర్రం రాత్రి పడుకుంటే పొద్దున పక్కలో పేడ మరక పచ్చగా కనపడి తీరుతుంది, దాన్ని రుద్ది కడగడం సైస్‌కి రోజూ ఉండే తలనొప్పి. "హోలీ నుంచీ మరక కడగలేదు సాబ్," అన్నాడు. పని తగ్గిందని సంతోషించాడే తప్ప ఎందుకని అనుకోలేదు పాపం. నేనూ అనుకోలేదు, గుర్రం తెల్లగా మెరుస్తోందని ఫోటోలు తీశాను.

గుర్రం నిలబడే నిద్రపోతుందని అందరూ అంటారు. సగమే నిజం. కునుకు నిలబడి తీస్తుంది. గాఢ నిద్రకి మాత్రం పడుకోవాల్సిందే, రోజుకి ఒక అరగంటైనా. లేవడం కష్టమని తెలిసిన గుర్రం పడుకోవడమే మానేస్తుంది. అలా వారాలు, నెలలు గడిస్తే నిలబడి ఉండగానే గాఢ నిద్ర ముంచుకొస్తుంది, ముందు కాళ్ళు మడత పడతాయి. ముందు కాళ్ళ గిట్టల పైన కీలు దగ్గర వెంట్రుకలు ఊడి, పుండు చెక్కులు కట్టి ఉన్నాయి. ఈగలు కుట్టాయనుకుని వేపనూనె రాస్తున్నాం మేము.

అప్పుడు ఆయన బూటుకాలితో ఆ షాబాద్ బండ మీద ఒక గీత గీసి, జారించి చూపించి, "ముందు ఈ నేల సంగతి చూడండి, మందు సంగతి తర్వాత" అన్నారు.

మందు ఇచ్చారు, అదీ చెప్తాను. మొదటి పది రోజులకి నొప్పి మాత్ర, మెలాక్సికామ్. మందుల షాపులో అది అయిపోయిందని, డైక్లోఫెనాక్ ఇస్తాను, రెండూ ఒకటే అన్నాడు. ఒకటి కాదు. పశువులకి డైక్లోఫెనాక్ వాడటం 2006లోనే మన దేశంలో నిషేధించారు, ఆ పశువు చచ్చాక తిన్న రాబందులు కిడ్నీలు పోయి చస్తాయి కనక. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో ఆ జాబితాలో చేరాయి. ఇంకో షాపుకి వెళ్ళాను.

ఇప్పుడు మ్యాట్లు.

గుర్రాల కోసమే ప్రత్యేకంగా అమ్మేవి ఉన్నాయి, నాకు చెప్పిన ధర వింటే పీఎఫ్ మళ్ళీ తియ్యాల్సి వచ్చేట్టుంది. ఆవు మ్యాట్ చాలని డాక్టరు గారే అన్నారు, గట్టిగా జారకుండా ఉండటమే కావాలి కనక. కానీ ఒక తేడా చెప్పారు, అది కొనేటప్పుడు పనికొచ్చింది. ఆవు లేచేటప్పుడు ముందు మోకాళ్ళ మీద ఆగి, వెనక భాగాన్ని ముందు లేపుతుంది. గుర్రం దానికి సరిగ్గా తిరగేసి. ముందు కాళ్ళు చాచి, వెనక కాళ్ళ కొనలు నేలకి తన్నిపెట్టి ఒక్క ఉదుటున తోస్తుంది. ఆవు మ్యాట్ అమ్మేవాడు మెత్తదనం గురించి చెప్తాడు, ఆవు మోకాలికి అదే కావాలి. నాకు కావలసింది 460 కిలోల బరువుని తోసే వెనక కాలి కొనకి పట్టు. అందుకని మెత్తగా స్పాంజిలా నొక్కుకుపోయే రకం వద్దని, గట్టిగా ఉండి పైన గరుకున్నది తీసుకున్నాను. షాపులో చెప్పులు తీసి, మ్యాట్ మీద నీళ్ళు పోయించి, కాలి బొటనవేలితో తోసి చూశాను. షాపతను వింతగా చూశాడు.

ఒక్కోటి 2,600, ఆరు కలిపి 15,600. ఆటో ట్రాలీకి 1,200. కోయించడానికి 800. మొత్తం 17,600. పౌడరు కంటే అయిదు వేలు తక్కువ అని ఇంట్లో చెప్పలేదు.

షాపు పేరు రాయను, ఎందుకంటే మొదట నాకు పంపినవి 18 మిల్లీమీటర్లవి కావు. చూడ్డానికి తేడా తెలియదు. మోసిన కుర్రాడు "తేలిగ్గా ఉన్నాయి మేడమ్" అంటే అనుమానం వచ్చి, మా అమ్మాయి జామెట్రీ బాక్సులో స్కేలుతో కొలిస్తే 15. ఫోను చేస్తే "కంపెనీ నుంచే అలా వచ్చింది" అన్నారు. రెండు రోజులు వాదన, మూడో రోజు మార్చారు. మళ్ళీ ట్రాలీ డబ్బులు మాత్రం నావే. కొనేవాళ్ళు స్కేలు పట్టుకెళ్ళండి, సిగ్గుపడకండి. అసలైన 18 మిల్లీమీటర్ల ముక్క నలభై కిలోల పైన ఉంటుంది, ఒక మనిషి సుఖంగా ఎత్తగలిగితే ఏదో తేడా ఉన్నట్టే.

వినాయక చవితి మర్నాడు పరిచాం. గది 12 అడుగులని కాగితం మీద ఉందిగానీ ఒక పక్క 11 అడుగుల 8 అంగుళాలే వచ్చింది, మేస్త్రీ పుణ్యం. రెండు మ్యాట్లు కోయాల్సి వచ్చింది. రబ్బరు కోస్తుంటే కత్తి బిగుసుకుపోతుంది. కత్తికి సబ్బునీళ్ళు రాస్తూ, కింద ఒక చెక్క పెట్టి, ఒకే గీత మీద నాలుగైదు సార్లు గీస్తే తెగింది. పరిచే ముందు బండల మీది పాచి గీకించాం, రెండు రోజులు ఎండబెట్టాం.

తుఫాన్‌కి నచ్చలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఆ నల్లటి నేల కేసి బుసలు కొట్టి, లోపలికి రానన్నాడు. వాసన కూడా గట్టిగానే ఉంది, కొత్త టైర్ల షాపులో కూర్చున్నట్టు. మూడు రాత్రులు బయట చెట్టు కిందే కట్టాం. నాలుగో రోజు చాచా వాడి పాత రంపపు పొట్టు తెచ్చి, తడిసిందీ పొడిదీ కలిపి, మ్యాట్ల మీద చల్లాడు. తన వాసన తగిలాక ఒక కాలు పెట్టాడు, ఆగాడు, ఇంకో కాలు పెట్టాడు. వాసన పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది.

పదకొండో రోజు పొద్దున చాచా నాకు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఏ మాటా లేదు. తుఫాన్ ఎడమ పక్కన, పొట్ట నుంచి తుంటి దాకా పచ్చటి పేడ మరక. బ్యాంకులో కౌంటరు ముందు మనుషులు నిలబడి ఉన్నారు, నేను ఆ ఫోటో పెద్దది చేసి చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత వారంలో నాలుగైదు రోజులు పడుకుంటున్నాడు. ముందు కాళ్ళ చెక్కులు నెలన్నరకి రాలిపోయి వెంట్రుకలు వచ్చాయి. నిలబడి కూలబోవడం దసరా తర్వాత ఎవరూ చూడలేదు. గదిలో తిరిగేటప్పుడు నాల్ జారే ఆ కీచు శబ్దం ఇప్పుడు లేదు. దానికి ఎంత అలవాటుపడిపోయామో అది ఆగాకే తెలిసింది.

అయితే మ్యాట్ కీలుకి వైద్యం కాదు. పొద్దున మొదటి పది అడుగులు ఇప్పటికీ కర్రలే. డిసెంబరు చలికి ఇంకా ఎక్కువ. మిగతా మార్పులు వేరే పనుల వల్ల వచ్చాయి, ఆ పేరు రబ్బరుకి ఇవ్వను. కొత్త నాల్‌బంద్ వెనక గిట్టల ముందు కొన కురచ చేసి, నాల్ కొన గుండ్రంగా తిప్పుతున్నాడు, కాలు తేలిగ్గా దొర్లుతుంది. కాలు ఎక్కువ ఎత్తకుండా, పక్కకి లాగకుండా, నేలకి దగ్గరగా పట్టుకుని పని చేస్తాడు, తుఫాన్ ఇప్పుడు లాక్కోవట్లేదు. రోజంతా గదిలో ఉంచడం మానేశాం, పగలు మట్టి నేల మీద వదిలేస్తాం. స్వారీకి ముందు 20 నిమిషాలు చేత్తో పట్టుకుని చెరువు గట్టు దాకా నడిపిస్తాను. ఆ తర్వాత ఎక్కితే అరగంట, నడక మాత్రమే, చిన్న గుండ్రాలు లేవు. నా బరువు 74 నుంచి 69కి తెచ్చాను. అది కూడా వాడి కీలుకే అని డాక్టరు గారు సౌమ్యంగా చెప్పారు.

మ్యాట్‌లో నచ్చనివి. మొదటిది, ఒకదానికొకటి పళ్ళతో బిగిసే రకం కాకుండా సాదావి కొన్నాను, రెండు వందలు మిగులుతాయని. ఆ పిసినారితనానికి ఇప్పుడు అనుభవిస్తున్నాను. గుర్రం తిరిగినప్పుడల్లా మ్యాట్లు మెల్లిగా జరుగుతాయి, నెల తిరిగేసరికి మధ్యలో రెండు వేళ్ళ సందు. తలుపు వైపు ఒక చెక్క దిమ్మ బిగించాక తగ్గిందిగానీ పోలేదు. రెండోది మూత్రం. అడుగున గాడులున్నాయి, నీళ్ళు వాటంతటవే పోతాయి అని చెప్తారు. ఆవు కొట్టంలో రోజూ పైపుతో కొడతారు కాబట్టి పోతాయేమో. మాకు పొట్టు ఆ గాడుల్లో కూరుకుపోయి, కింద నిలవ ఉండి, కళ్ళు మండే వాసన వస్తుంది. పదిహేను రోజులకోసారి మ్యాట్లు లేపి కడగాల్సిందే. ఇద్దరు మనుషులు, రెండు గంటల పని. చాచా ఒక్కడి వల్ల కాదు, ఆ రోజుకి ఒక కుర్రాడికి 500 ఇస్తున్నాను. ఈ ఖర్చు ఏ షాపతనూ చెప్పడు.

మూడోది, పైన పొట్టు వెయ్యకపోతే కుదరదు. మ్యాట్ ఉంటే పరుపు అక్కర్లేదని కొందరు అంటారు. మా వాడు వట్టి రబ్బరు మీద మూత్రం పోయడు, కాళ్ళ మీద చిందుతుందని పొద్దున్నదాకా ఆపుకుంటాడు. రంపపు పొట్టు రెండు మూడు అంగుళాలు వేస్తున్నాం, ఇదివరకటి కంటే సగం చాలుతోంది. వరిగడ్డి వేస్తే తినేస్తాడు, ఆ వయసులో కడుపునొప్పి భయం.

వానాకాలంలో గుమ్మం దగ్గర ముక్క మీద పాచి పట్టి కాస్త జారింది, కొబ్బరి పీచు బ్రష్‌తో వారానికోసారి రుద్దితే సరిపోతోంది. నీళ్ళ తొట్టి దగ్గర ఒక మూల పైకి లేచింది. అరుగుదల ఇప్పటిదాకా పెద్దగా లేదు, వెనక కాళ్ళు పడే చోట మాత్రం గరుకు కొంచెం తగ్గింది. మ్యాట్ తిరగేద్దామంటే కింద గాడులు కదా. ముక్కల స్థలాలు మార్చి వేశాం.

అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి మూత్రం వాసనకి తీశాను. 15 మిల్లీమీటర్ల సంగతి మ్యాట్ తప్పు కాదు కాబట్టి అందులో కలపలేదు. కోడె వయసు గుర్రం, మట్టి నేల ఉన్నవాళ్ళకి ఇది అక్కర్లేదు, మట్టే మేలు. బండలో సిమెంటో ఉండి, గుర్రానికి 15 దాటి ఉంటే, ముందు వాడి పక్కల మీద మరక ఉందో లేదో చూడండి.

మొన్న ఆదివారం వెళ్ళేసరికి చాచా బకెట్టు, బ్రష్షు పట్టుకుని తుఫాన్ పక్కన నిలబడి గొణుక్కుంటున్నాడు. ఈసారి రెండు పక్కలా మరకే, మెడ మీద కూడా. "రోజూ ఇదే పని అయిపోయింది అమ్మా," అన్నాడు, "నా కమర్ పోతుంది ఇక."